రిటైరైనవాళ్ళు డిటెక్టివ్ నవల వ్రాయవచ్చునా?



ఉద్యోగం చేసి రిటైరైన మగవారు ఎదురుపడితే "ఇకనేం చేద్దామనుకుంటున్నారండీ?" అని అందరూ అడుగుతారు. ఆడవాళ్ళని ఆ ప్రశ్న అడిగేవారు తక్కువ. అడగడానికేముంది? బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెక్కలు చూసినా, స్కూల్లో పాఠాలు చెప్పినా, ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసినా, ఆవిడ కోసం వంటిల్లు కాచుకునే వుంటుంది, మనవలు వుండనే వుంటారు అని లోకం లెక్క. మా మోతీనగర్‌లో అలా రిటైరైన వాళ్ళు వీధికి నలుగురైనా వున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య వేరువేరుగా, గొంతు తగ్గించి, నన్ను ఒకే సంగతి అడిగారు. "డిటెక్టివ్ నవల వ్రాయాలని వుంది. యీ వయసులో మొదలుపెడితే నవ్వుతారేమో?"

వాళ్ళు గొంతు ఎందుకు తగ్గించారో మీకూ తెలుసు. భక్తి పాటలు వ్రాస్తానంటే ఎవరూ ఏమీ అనరు. పుట్టింటి జ్ఞాపకాలు వ్రాస్తానంటే "అలాగే కానివ్వు" అంటారు. హత్యలూ, విషాలూ, తాళం వేసిన గదులూ అంటే మాత్రం "ఇదేం బుద్ధి పెద్దదానివై వుండి!" అంటారు. అసలు మన తెలుగులో డిటెక్టివ్ నవలకి ముందునుంచీ ఆ చిన్నచూపు వుంది. వీధి చివర అద్దె పుస్తకాల షాపు నుంచి తెప్పించుకున్న నవల తలగడ కిందకీ, బియ్యం డబ్బా వెనక్కీ చేరేది. చదవని ఇల్లు లేదు, చదివామని ఒప్పుకున్న ఇల్లూ లేదు.

అలా దాచుకుని చదివిన పుస్తకాల్లో సగం కొమ్మూరి సాంబశివరావుగారివే అయి వుంటాయి. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మన ఇళ్ళలో చుట్టాలంత పరిచయస్థులు. మరో సంగతి. "త్వమేవాహం" వ్రాసిన కవి, "సమగ్ర ఆంధ్ర సాహిత్యం" వంటి బృహత్తర కార్యం తలకెత్తుకున్న ఆరుద్రగారు కూడా డిటెక్టివ్ కథలూ నవలలూ వ్రాశారు. "పలకల వెండిగ్లాసు" ఆయనదే. 1943లో వైమానిక దళంలో చేరి బ్యాండు మేళంలో పనిచేసి, తర్వాత మద్రాసు పత్రికల్లోకీ, సినిమా పాటల్లోకీ వచ్చిన మనిషి ఆయన. అంతటి పండితుడు చేసిన పనిని మనం చేస్తే తక్కువైపోతామా?

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. వేరే పనిలో జీవితం గడిపినవాళ్ళు యీ రకం నవల వ్రాయగలరా? నన్నడిగితే, యీ రకం నవల ఎక్కువగా వ్రాసింది వాళ్ళే. ప్రేమకథ వ్రాయడానికి మనసుంటే చాలునేమో గాని, నేరపరిశోధన నవలకి ఏదో ఒక పని లోతుపాతులు తెలిసి వుండాలి. తాళం ఎలా పడుతుందో, మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో, రసీదు మీద తేదీ ఎవరు వేస్తారో తెలియాలి. అవి ఉద్యోగంలో పడి చచ్చిన వాళ్ళకే తెలుస్తాయి.

అగాథా క్రిస్టీనే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ ఇంగ్లండులో టార్కీ అనే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సుగా చేరి, తర్వాత మందులు కలిపి ఇచ్చే విభాగంలోకి మారింది. 1917లో దానికి సంబంధించిన పరీక్ష కూడా పాసయింది. చుట్టూ అరల నిండా సీసాలు. ఆ సీసాల మధ్యే ఆమెకి మొదటి నవల తోచింది. అందులో చావుకి కారణం స్ట్రిక్నిన్ అనే విషం. పుస్తకాన్ని కొందరు ప్రచురణకర్తలు తిప్పిపంపేశారు. చివరికి 1920లో వెలువడింది. మందుల దుకాణాలవారి పత్రిక ఒకటి, విషం సంగతి తెలిసి వ్రాశారని మెచ్చుకున్నది. ఆవిడ దాన్ని ఎంతో గొప్ప మెప్పుగా చెప్పుకునేది.

ఆ విద్య ఎంత నిజమైనదో తెలియజేసే సంగతి ఇంకొకటుంది. 1961లో వచ్చిన ఆవిడ నవల ఒకదానిలో థాలియం అనే విషం వుంది. అది ఒంట్లోకి వెళితే జుట్టు ఊడిపోతుంది. 1977లో ఖతార్ దేశం నుంచి ఒక చంటిబిడ్డని లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రికి తీసుకొచ్చారు. జబ్బేమిటో డాక్టర్లకి అంతుపట్టలేదు. ఆ పూట డ్యూటీలో వున్న నర్సు సరిగ్గా ఆ నవలే చదువుతోంది. "ఈ పాప లక్షణాలు యీ పుస్తకంలో వ్రాసినట్టే వున్నాయి" అన్నది. పరీక్ష చేయిస్తే థాలియమే. పాప బతికింది. డిటెక్టివ్ నవల చదివితే చెడిపోతారని మనకి చెప్పిన పెద్దలకి యీ సంగతి ఎవరైనా చేరవేస్తే బాగుణ్ణు!

అయితే, క్రిస్టీ అప్పటికి పాతికేళ్ళ పడుచు. సంసారం, పిల్లలు, ఆఫీసు అన్నీ నెత్తిన పెట్టుకున్న వారికి ఎలా కుదురుతుంది అంటారా? అందుకు నేను పి.డి. జేమ్స్‌గారి పేరు చెబుతాను. నాకు క్రిస్టీ కంటే ఈవిడంటేనే ఎక్కువ గౌరవం. 1920లో పుట్టింది. ఇంట్లో జరగక పదహారో ఏటనే చదువు మానింది. భర్త డాక్టరు. యుద్ధానికి వెళ్ళి, మనసు చెదిరి తిరిగొచ్చాడు. మళ్ళీ మామూలు మనిషి కాలేదు, ఆస్పత్రుల పాలయ్యాడు. ఇద్దరు ఆడపిల్లలు. సంపాదించవలసింది ఆవిడే. 1949లో ఆస్పత్రుల పాలక మండలి ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. మన లెక్కన యు.డి.సి. కుర్చీ అనుకోండి, అక్కడ మొదలై పైకి వచ్చింది.

నవల వ్రాయాలన్న కోరిక చిన్ననాటిదే. "కాస్త తీరిక దొరకనీ" అనుకుంటూ ఏళ్ళు గడిచిపోయాయి. ముప్పై అయిదు దాటాక ఆవిడకి ఒక నిజం బోధపడింది. తీరిక అనేది దానంతటది రాదు. ఇక తెల్లవారుజామున లేచి, ఆఫీసుకి బయలుదేరేలోపు చేత్తో వ్రాయడం మొదలుపెట్టింది. మొదటి పుస్తకం 1962లో వచ్చేనాటికి ఆవిడకి నలభై రెండో ఏడు. భర్త 1964లో పోయాడు. 1968లో ప్రభుత్వంలో హోం శాఖకి మారి, పోలీసు వ్యవహారాలూ, నేర విధానమూ చూసే విభాగాల్లో పనిచేసింది. 1979లో రిటైరయింది. అంటే మొదటి పుస్తకం వచ్చిన తర్వాత కూడా పదిహేడేళ్ళు ఆఫీసుకి వెళ్ళింది! 1971లో వచ్చిన నవలలో నర్సుల శిక్షణ కేంద్రంలో జరిగిన హత్య వుంటుంది. ఆస్పత్రి ఆఫీసులో పనిచేసిన మనిషి కాకపోతే అంత తెలిసి వ్రాయలేదు. 2014లో, తొంభై నాలుగో ఏట, పోయింది.

మగవాళ్ళలోనూ యీ వరస వుంది. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ డాక్టరు. ఐర్లండులో రైల్వే ఇంజనీరు ఫ్రీమన్ విల్స్ క్రాఫ్ట్స్ జబ్బుపడి మంచంలో వుండి పొద్దుపోక మొదటి నవల మొదలుపెట్టాడు. తర్వాత ఆయన కథల్లో రైలు టైంటేబులే పెద్ద సాక్ష్యం. అమెరికాలో రేమండ్ చాండ్లర్ చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం పోగొట్టుకుని, యాభై ఒకటో ఏట మొదటి నవల ప్రచురించాడు.

మన దేశంలోనూ వున్నారు. బొంబాయిలో కల్పనా స్వామినాథన్ సర్జన్. ఆవిడ డిటెక్టివ్ పేరు లల్లి, అరవై దాటిన రిటైర్డ్ పోలీసు ఉద్యోగిని. బెంగుళూరులో హరిణి నగేంద్ర చెట్లూ చెరువుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. 2022లో ఆవిడ మొదటి డిటెక్టివ్ నవల వచ్చింది. అందులో నేరాన్ని శోధించేది 1920ల నాటి బెంగుళూరులో కొత్తగా కాపురానికొచ్చిన ఒక డాక్టరుగారి భార్య.

మన తెలుగు గడ్డ మీద అందరికీ తెలిసిన ఉదాహరణ యండమూరి వీరేంద్రనాథ్‌గారు. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో కొన్నేళ్ళు, ఆ పైన ఆంధ్రా బ్యాంకులో పదేళ్ళు పనిచేసి, తర్వాత ఉద్యోగం మానేసి పూర్తిగా రచనలోకి వచ్చారు. (ఆ ఆంధ్రా బ్యాంకు కూడా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అది వేరే సంగతి.) "ఆంధ్రభూమి" వారపత్రికలో "తులసిదళం" వస్తున్న రోజుల్లో పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న దాని మీద అత్తాకోడళ్ళకి మాటలు నడిచేవి. చేతబడి కథ గనక దాన్ని అచ్చమైన డిటెక్టివ్ నవల అనలేం. చేతబడి నవలలు చదివి జనం మూఢనమ్మకాల్లో పడతారని అప్పట్లో వచ్చిన విమర్శని నేనూ కొట్టిపారెయ్యను. కాని ఒక్కటి గమనించండి. ఆయన కథల్లో చిక్కుముడి లెక్కల పుస్తకంలా వుంటుంది. ఇక్కడ వ్రాసిన అంకె ఎక్కడో చివర కూడికలో తేలుతుంది. "అభిలాష"లో ఉరిశిక్ష తీసేయాలని పట్టుబట్టిన లాయరు, తానే హత్యానేరంలో ఇరుక్కుని ఉరికంబం దాకా వెళతాడు. 1983లో అది సినిమా కూడా అయింది. పద్దులు సరిచూసే అలవాటు వున్న మనిషి పన్నిన పన్నాగం అది అని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. "నాకేం తెలుసు? నేను కౌంటర్లో కూర్చుని పాసుపుస్తకాలు వ్రాశాను, అంతే" అంటారు. ఆ "అంతే"లో ఎంత వుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. కథ నేను అల్లిందే.

ఒక పెద్దావిడ, విధవరాలు, ఒంటరిగా వుంటోంది. ఒక్కడే కొడుకు, వేరే ఊళ్ళో ఉద్యోగం. బ్యాంకులో ఆవిడ పేర పాతిక లక్షల డిపాజిట్, నామినీగా కొడుకు పేరు. ఒకరోజు ఆవిడ ఇంట్లో చనిపోయి కనబడింది. విచారిస్తే, అంతకు వారం క్రితమే నామినీ పేరు మార్చమని బ్యాంకుకి పోస్టులో ఫారం వచ్చింది. కొత్త నామినీ, పక్క వీధిలో వుండే మేనల్లుడు. ఇంకేం, అందరి వేళ్ళూ మేనల్లుడి వైపే. పోలీసులు అతన్ని పట్టుకెళ్ళారు.

ఇక్కడ బ్యాంకులో పనిచేసిన మన రచయిత్రికి రెండు సంగతులు తెలుసు. నామినీ అంటే సొంతదారు కాదు. బ్యాంకు దగ్గర డబ్బు తీసుకుని వారసులకి అప్పగించవలసిన మనిషి మాత్రమే. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో ఇదే చెప్పింది. మనలో చాలామందికి యీ సంగతి తెలియదు. తెలియక ఎన్నో ఇళ్ళలో గొడవలు పడుతున్నాయి. కనక ఫారం మారినంత మాత్రాన మేనల్లుడికి ఒరిగేది లేదు, కొడుక్కి పోయేదీ లేదు. మరి ఆ ఫారం ఎవరు పంపారు? నామినీ మారినా తన వాటా పోదని తెలిసినవాడు, హత్యకి ముందే అనుమానం ఇంకొకరి మీదకి తోయాలనుకున్నవాడు. పైగా హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షను ప్రకారం హత్య చేసినవాడికి చనిపోయినవారి ఆస్తి దక్కదు. కాబట్టి ఆస్తి కావాలంటే నేరం వేరొకరి మీద పడితీరాలి. అప్పుల్లో మునిగిన కొడుకు మీదకి కథ మెల్లిగా తిరుగుతుంది.

దానికి సాక్ష్యం ఏదీ? అదే రెండో సంగతి. ఆ ఫారం మీద ముత్యాల్లాంటి సంతకం వుంది. పాత స్పెసిమెన్ కార్డుతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కొత్తగా చేరిన గుమాస్తా సరిచూసి ఫైల్లో పెట్టేశాడు. కాని ఆ పెద్దావిడకి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచీ ఎడమచేతి వేలిముద్రే. నామినేషన్ ఫారం మీద వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి, సంతకానికైతే ఆ బాధ లేదు. పింఛను తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆ ముసలావిడ వేలిని ఇంకు ప్యాడ్ మీద అద్దించి, గుడ్డతో తుడిచిన కౌంటరు ఉద్యోగిని వుంది చూశారూ, ఆవిడ రిటైరై ఇంట్లో కూర్చుని పేపరు చదువుతూ "సంతకం చేసిందా? ఎలా చేస్తుంది?" అంటుంది.

తల్లికి చెయ్యి పడిపోయిందని కొడుక్కి తెలియదు. రెండేళ్ళుగా ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు కనక తెలియదు. బెంగపెట్టుకుంటాడని ఆవిడ ఫోనులోనూ చెప్పలేదు. ఆ రాత్రి వచ్చినప్పుడైనా చూశాడు కదా అంటారా, ఫారం అప్పటికే పోస్టులో వెళ్ళిపోయింది.

చూశారా? ఇందులో పిస్తోలు లేదు, నల్లకోటు మనిషి లేడు. బ్యాంకు కౌంటరు, ఇంకు ప్యాడ్, పలకరించడానికి రాని కొడుకు. ఇలాగే పోస్టాఫీసు మనిషికి తపాలా ముద్రలూ, టీచరుకి హాజరు పట్టీ, టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేసినవారికి ట్రంకు కాల్ చీటీలూ వుంటాయి. ఏ ఉద్యోగమూ చేయని గృహిణికి లేదా అంటే, ఆవిడకి ఇంకా ఎక్కువ వుంది. తెల్లవారి ఏడైనా ఏ వాకిట్లో ముగ్గు పడలేదో, ఎవరి గుమ్మం ముందు పాలప్యాకెట్లు అలాగే వున్నాయో, ఇద్దరే వున్న ఇంట్లో గ్యాసు సిలిండరు నెల తిరగకుండా ఎందుకు అయిపోయిందో ఆవిడకే ముందు తెలుస్తుంది.

ఇలాంటి కథ కట్టేటప్పుడు చివరి నుంచి మొదటికి రావాలి. స్వెట్టరు అల్లేవాళ్ళు కుట్లు ముందే లెక్కపెట్టుకున్నట్టు, ఎవరు చేశారు, ఎందుకు, ఎలా, ఎక్కడ పొరపడ్డారు అన్నవి ముందు ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ తర్వాతే మొదటి పేజీ. పాఠకులకి సాక్ష్యం దాచిపెట్టకూడదు. పెద్దావిడ ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకున్నదని మూడో పేజీలోనే చెప్పెయ్యాలి, కాని కాఫీలో పంచదార ఎక్కువైందన్న గొడవలో కలిపి చెప్పాలి. ఆఖర్న అందరూ వెనక్కి తిప్పి "అయ్యో, ముందే చెప్పిందే!" అనుకోవాలి. చివరి పేజీలో ఎక్కణ్ణుంచో కవల తమ్ముణ్ణి తెచ్చి నిలబెడితే పాఠకులు పుస్తకం విసిరికొడతారు. నేనైతే విసిరికొట్టాను కూడా.

చట్టం సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. పాత నవలల్లో "మూడువందల రెండు" అంటే హత్య అని చిన్నపిల్లలకీ తెలుసు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. ఇప్పుడు హత్యకి శిక్ష చెప్పేది భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను. మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో దాన్ని బట్టి అంకె మారాలి. అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే పోలీసు అధికారి ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఎదుట శవపంచనామా వ్రాయాలి. పంచ అన్న మాట వుంది గదా అని అయిదుగురే వుండాలని లేదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా పోతే పోస్టుమార్టం తప్పనిసరి. మరో ముఖ్యమైన సంగతి, పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. ఆ మాటని బట్టి కత్తో నగో దొరికితే, దొరకడానికి దారితీసిన అంతవరకు మాటలు మాత్రం సాక్ష్యమవుతాయి. ఆఖరి అధ్యాయంలో హంతకుడు పోలీస్ స్టేషన్లో వలవలా ఏడ్చి అన్నీ ఒప్పేసుకుంటే కథ ముగిసినట్టు కాదన్నమాట. వస్తువు దొరకాలి. ఇలాంటివి తెలియకపోతే తెలిసిన లాయరు ఇంటికి వెళ్ళి, కాఫీ తాగుతూ అడగండి. పుస్తకానికని చెబితే సంతోషంగా చెబుతారు.

యుగంధర్ లాంటి ప్రైవేట్ డిటెక్టివ్ కూడా ఇవాళ కథలో ఇమడడు. ఏ ఇన్‌స్పెక్టరూ అతన్ని శవం దగ్గరికి పిలవడు. అందుకే పొరుగింటి పెద్దావిడ నయం. ఆవిడని ఎవరూ పట్టించుకోరు, ఆవిడ ఎదుట అందరూ మాట్లాడతారు.

ఇక ఇంటివాళ్ళ సంగతి. వ్రాయడానికి కూర్చోగానే "అమ్మా, నా చార్జరేదీ?" అని కేక. ఆఫీసుకి వెళుతున్న రోజుల్లో ఆ కేక వినబడేది కాదు, ఎందుకంటే మనం ఇంట్లో లేము. ఉద్యోగం పోయాక మన కాలమంతా ఊరుమ్మడి అయిపోతుంది. రోజుకి ఒక గంట, పోనీ ముప్పావుగంట, వేళ నిర్ణయించుకుని తలుపు దగ్గరగా వేసుకోండి. మొదటి వారం అలుగుతారు, రెండోవారం వాళ్ళ చార్జరు వాళ్ళే వెతుక్కుంటారు. రోజుకి ఒక పేజీ చొప్పున ఏడాది తిరిగేసరికి పుస్తకం తయారవుతుంది. పాతరోజుల్లోలా వారపత్రికలు ఇప్పుడు ఎక్కువ లేవు, చాలావాటిని మూసేశారు. నవలల పోటీలు మాత్రం ఏటా ఏదో ఒకచోట జరుగుతూనే వున్నాయి. డబ్బు ఇచ్చుకుని అచ్చువేయించుకునే పద్ధతి కూడా పెరిగింది. రిటైరయినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ సొమ్ము దానికి మాత్రం తీయకండి. పదిమంది చేత చదివించి, నాలుగుచోట్లకి పంపించి, ఆఖరికి చూద్దురుగాని.

మనం వున్నది ఫిల్మ్ నగర్‌కి కూతవేటు దూరంలో గనక యీ ఒక్కటీ చెప్పి ముగిస్తాను. మా వీధుల్లో మేకప్పు చేసేవారు, లైట్లు పట్టేవారు, కుట్టుపనివారు, ఎక్స్‌ట్రాలు ఎందరో వుంటారు. "మా డైరెక్టరుగారికి మంచి సస్పెన్సు కథ కావాలటండీ, మీరు చెప్పండి, నేను వినిపిస్తాను" అని ఎవరో ఒకరు అంటారు. మంచి మనసుతోనే అంటారు. కాని నోటితో కథ చెప్పకండి. మన కాపీరైటు చట్టం వ్రాసినదాన్ని కాపాడుతుంది, ఊహని కాపాడదు. ఊహ మీద హక్కు వుండదని సుప్రీంకోర్టు 1978లోనే ఒక సినిమా కేసులో చెప్పింది. కనక ముందు కథ పూర్తిగా వ్రాసి, తేదీ వేసి, ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. హక్కులు ఇవ్వడమంటూ జరిగితే కాగితం మీదే జరగాలి, నోటిమాట చెల్లదు. సినిమాకి ఇస్తున్నారా, సీరియల్‌కి ఇస్తున్నారా, ఇతర భాషలకీ కలిపి ఇస్తున్నారా, విడివిడిగా వ్రాయించండి. ఎన్నేళ్ళకో వ్రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగానే లెక్కవేస్తుంది, ఏ దేశాలకో వ్రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని అచ్చువేసిన కాగితం ఎవరైనా ముందు పెడితే, ఆ రోజుకి సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని చదవండి. అగాథా క్రిస్టీ అంతటిది మొదటి పుస్తకానికి సంబరంలో కాగితం సరిగా చదవకుండానే సంతకం చేసింది. చేతికొచ్చింది ఇరవై అయిదు పౌన్లు. పైగా మరో అయిదు పుస్తకాలు అదే ప్రచురణకర్తకి ఇవ్వవలసి వచ్చింది. ఆరు పుస్తకాలూ అయ్యాకగాని ఆ ఒప్పందం నుంచి బయటపడలేదు.